డెంగ్యూ: జ్వరం తగ్గింది, ప్లేట్‌లెట్లు పడుతున్నాయి. ఇంట్లో ఉంచొచ్చా, ఎప్పుడు కదలాలి?

మీరు రాసిన దాన్నిబట్టి నాకు అర్థమైంది ఇదండీ. రాజోలు వైపు, గోదావరి మధ్యలో ఉన్న లంక ఊరు. మీవారికి 36 ఏళ్ళు, 62 కిలోలు, షుగరు, బీపీ ఏమీ లేవు. ఆదివారం రాత్రి జ్వరం మొదలైంది. ఎన్‌ఎస్1 అనే డెంగ్యూ రక్త పరీక్ష పాజిటివ్. నిన్న ప్లేట్‌లెట్లు 92 వేలు. డాక్టరుగారు చూసి "ఇంట్లోనే ఉంచండి, రోజూ రక్తం చూపించండి" అన్నారు. ఈ పొద్దుట్నుంచీ, అంటే గురువారం, జ్వరం లేదు కానీ మనిషి నీరసంగా ఉన్నారు. ఊళ్ళో ఒకరు బొప్పాయాకు రసం అంటున్నారు, ఇంకొకరు రెండు సెలైన్లు ఎక్కించమంటున్నారు. ప్లేట్‌లెట్లు ఎంతకి పడితే ఆసుపత్రికి పరుగెత్తాలి అన్నది మీ ప్రశ్న.

ముందు సూటిగా జవాబు. ఆయన తాగగలుగుతుంటే, ఆరు గంటలకోసారైనా మూత్రం వస్తుంటే, కింద చెప్పే ప్రమాద లక్షణాల్లో ఒక్కటీ లేకపోతే ఇంట్లో ఉంచొచ్చు. కానీ ప్లేట్‌లెట్ల అంకె కోసం కాచుకుని కూర్చోకండి, జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకోకండి. డెంగ్యూలో జ్వరం దిగిన రోజు నుంచీ రెండు రోజులే అసలు గండం. మీరు ఇప్పుడు సరిగ్గా అక్కడే ఉన్నారు.

ఎందుకంటారా. జ్వరం రెండు నుంచి ఏడు రోజులు ఉంటుంది. అది దిగేటప్పుడు, మామూలుగా మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, కొంతమందికి సన్న రక్తనాళాల గోడలు జల్లెడలా అయిపోతాయి. రక్తంలోని నీరు కడుపులోకీ ఊపిరితిత్తుల చుట్టూ కారిపోతుంది. నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. ఈ కారడం 24 నుంచి 48 గంటలు ఉండి దానంతటదే ఆగుతుంది. ఆ గంటల్లో ఒంట్లోకి వెళ్ళే నీళ్ళు చాలకపోతే అవయవాలకి రక్తం అందక మనిషి షాక్‌లోకి వెళ్తాడు. డెంగ్యూలో ఎక్కువ ప్రాణాలు పోయేది ఇలాగే. పెద్ద రక్తస్రావాలు కూడా చాలాసార్లు షాక్‌ను గంటలతరబడి పట్టించుకోని మనుషుల్లోనే వస్తాయి. ప్లేట్‌లెట్లు 30 వేలున్నా లేచి తిరిగేవాళ్ళుంటారు, 80 వేలుండగానే షాక్‌లోకి పోయేవాళ్ళూ ఉంటారు.

రోజుల లెక్క దగ్గరే చాలామంది తప్పుతారు. పరీక్ష చేయించిన రోజునో, డాక్టరుకి చూపించిన రోజునో మొదటి రోజుగా పట్టుకుంటారు. కాదు, ఒళ్ళు మొదట కాలిన పూటనుంచే లెక్క. గోడ మీది క్యాలెండరులో ఆదివారం రాత్రి దగ్గర గుర్తు పెట్టి, వచ్చే ఆదివారం దాకా రోజుల నంబర్లు వేసేయండి. జ్వరం దిగిన గంట కూడా పక్కనే రాయండి. ఎవరైనా డాక్టరు ముందు అడిగేది ఆ రెండే.

తాగడం. మందు అంటూ ఉంటే ఇదే. 60 కిలోల మనిషికి రోజుకి రెండున్నర నుంచి మూడు లీటర్లు, అంటే 200 మి.లీ. గ్లాసుతో 12 నుంచి 15 గ్లాసులు. "బాగానే తాగుతున్నారండి" అనే మాటను నేను లెక్కలోకి తీసుకోను. సీసా మీద గీతలు పెట్టి కొలవాలి. ఇలా సర్దుకోవచ్చు: లీటరు ఓఆర్ఎస్, రెండు కొబ్బరిబొండాలు, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ మూడు గ్లాసులు, గంజి రెండు గ్లాసులు, మిగతాది మంచినీళ్ళు. వాంతి వచ్చేలా ఉంటే గ్లాసు నోటికి పెట్టొద్దు. ఐదు నిమిషాలకోసారి రెండు టీ చెంచాలు, ఓపిగ్గా. అలా పోసినా గంటకి 120 మి.లీ. దాకా లోపలికి వెళ్తుంది.

మన కోనసీమలో బొండాలకి కరువు లేదు కాబట్టి కొందరు రోజంతా అవే పట్టిస్తారు. కొబ్బరినీళ్ళలో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం తక్కువ. కారిపోయిన ఉప్పు దాంతో పూడదు. ఒట్టి మంచినీళ్ళే మూడు లీటర్లు తాగించినా అంతే, రక్తంలో ఉప్పు పల్చబడి తల తిరుగుడు, మగత వస్తాయి. కిడ్నీ జబ్బున్నవాళ్ళకైతే బొండాలు డాక్టరుని అడక్కుండా ఇవ్వనే కూడదు.

ఓఆర్ఎస్ కలపడంలో జరిగే పొరపాటు ఒక్కటే. లీటరు పొట్లాన్ని కొంచెం కొంచెంగా గ్లాసుల్లో వేస్తారు. ఒకటి చిక్కగా, ఒకటి పల్చగా అవుతుంది. సుమారు 21 గ్రాముల పెద్ద పొట్లమైతే మొత్తం ఒకేసారి, కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో. నాలుగు గ్రాముల పైచిలుకు చిన్న పొట్లమైతే 200 మి.లీ.లో. కలిపాక కాచకూడదు, పంచదార చేర్చకూడదు, 24 గంటలు దాటితే పారబోయాలి. లీటరుకి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు అని పొట్లం మీద ఉందో లేదో చూడండి. పళ్ళరసం రుచితో అట్టడబ్బాల్లో దొరికే తియ్యటి పానీయాలు దీనికి బదులు కావు. అర్ధరాత్రి పొట్లం దొరక్కపోతే లీటరు నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే అదో ముప్పు.

దానిమ్మ, బీట్‌రూట్, ద్రాక్షరసం, కోలా లాంటి ఎర్రటి, నల్లటి పానీయాలు ఈ వారం వద్దు. వాంతి అయితే అది రసమో రక్తమో మీకూ తెలియదు, చూసే డాక్టరుకీ తెలియదు.

పెట్టడం. "లంఖణం పరమౌషధం" అనే మాట ఈ జ్వరంలో పక్కన పెట్టేయండి. అంతకంటే పెద్ద ముప్పు చప్పిడి పథ్యం. ఉప్పు కారుతున్న ఒంటికి ఉప్పు లేని కూడు పెట్టడం అది. మెత్తటి అన్నంలో పెసరకట్టు, చారు, ఇడ్లీ, జావ, అన్నిట్లోనూ మామూలు ఉప్పుతో, కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు. గుడ్డు పెట్టొచ్చు. కారాలూ వేపుళ్ళూ కడుపు నిలకడైన తర్వాత.

మాత్రలు. పారాసిటమాల్ ఒక్కటే. మీవారి బరువుకి 500 గానీ 650 గానీ, మాత్రకీ మాత్రకీ ఆరు గంటల ఎడం, 24 గంటల్లో నాలుగుకి మించకూడదు. అదీ జ్వరమో నొప్పులో ఉంటేనే, గడియారం చూసి వేసేది కాదు. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, రెండూ కలిపి లెక్కేయాలి. ఈ జబ్బులో కాలేయం ముందే దెబ్బతిని ఉంటుంది కాబట్టి ఇక్కడ చెయ్యి జారకూడదు. మళ్ళీ జ్వరం వచ్చినా 102 నుంచి 100కి దిగితే చాలు. పూర్తిగా పోలేదని ఇంకోటి వేయొద్దు, గోరువెచ్చటి నీళ్ళతో ఒళ్ళు తుడవండి.

ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్, మెఫినమిక్ యాసిడ్, నిమెసులైడ్, ఆస్పిరిన్, ఇవేవీ ముట్టకూడదు. బ్రూఫెన్, కాంబిఫ్లామ్, వోవెరాన్, మెఫ్టాల్ అని మందుల షాపులో ఇచ్చేవి ఇవే. ఒళ్ళునొప్పులకి అడగ్గానే చేతిలో పెట్టేస్తారు, అందుకే పేర్లు రాశాను. గుండె జబ్బుకి ఆస్పిరిన్‌లాంటివి వాడుతున్నవాళ్ళు ఉంటే మాత్రం సొంతంగా ఆపెయ్యకండి, ఆ రోజే డాక్టరుని అడగండి. ఇది వైరస్. యాంటీబయాటిక్ పని చేయదు, స్టెరాయిడ్ మేలు చేయదు.

పిల్లలున్న ఇళ్ళకి ఒక మాట. సిరప్పు సీసాలు రెండు రకాలు, 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండేది, 250 ఉండేది. కిలోకి 15 మి.గ్రా. చొప్పున 12 కిలోల బిడ్డకి ఒక మోతాదు 180 మి.గ్రా. మొదటి సీసాలో అయితే ఏడున్నర మి.లీ., రెండో దాంట్లో అయితే మూడున్నర. మొదటి సీసా కొలత రెండో సీసాకి వాడితే మోతాదు రెండింతలైపోతుంది.

ఇక ఇంట్లో సెలైన్. ఆర్‌ఎంపీ గారు మంచివారే కావచ్చు, పిలిస్తే అర్ధరాత్రి వస్తారు, ఆ మాట కాదనను. కానీ ఈ జబ్బులో సెలైన్ అంటే రక్తం చిక్కదనం చూసుకుంటూ గంటగంటకీ ధార మార్చాల్సిన పని. తాగగలిగే మనిషికి అది అక్కర్లేదు. తాగలేని మనిషి ఉండాల్సింది ఆసుపత్రిలో. రెండు రోజులు బలానికని ఎక్కించిన నీరంతా, కారడం ఆగాక తిరిగి నాళాల్లోకి వస్తుంది. అప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం మొదలవుతుంది. జ్వరానికని పిరుదుకిచ్చే ఇంజక్షను కూడా వద్దు, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే అక్కడ రక్తం గడ్డకట్టి వాస్తుంది.

ఏం చూస్తుండాలి. ఒక నోటు పుస్తకం పెట్టి టైము, జ్వరం, తాగింది, మూత్రం, బీపీ, నాడి రాయండి. మూత్రాన్ని కొలవడానికి ఒక పాత డబ్బా కేటాయించండి. ఆయన బరువుకి ఆరు గంటల్లో కనీసం ఒక గ్లాసు రావాలి. ముదురు పసుపు రంగులో, కొంచెమే వస్తుంటే తాగింది చాలలేదని.

బీపీ మిషను ఎవరింట్లోనైనా ఉంటే తెచ్చుకోండి. పై అంకె ఒక్కటే చూసి "వంద ఉంది, బాగుంది" అనేస్తారు. చూడాల్సింది రెండిటి మధ్య తేడా. 110/70 అంటే తేడా 40, బాగుంది. 100/80 అంటే తేడా 20, అది షాక్. పై అంకె వందే ఉన్నా సరే, ఆ నిమిషంలో బయల్దేరాలి. తేడా 30కి దిగుతుంటే డాక్టరుకి ఫోన్ చేయండి. మిషను లేకపోతే చేతి గోరు నొక్కి వదలండి. తెల్లబడ్డది రెండు సెకన్లలో ఎర్రబడాలి. అరికాళ్ళు తాకి చూడండి. ఒళ్ళు వెచ్చగా ఉండి కాళ్ళు చల్లగా, చెమటగా ఉన్నాయంటే మంచిది కాదు. ఇంకో సంగతి, ఈ షాక్‌లో మనిషి చివరిదాకా తెలివిగా మాట్లాడుతూనే ఉంటాడు. "నాకేం లేదు, పడుకోనివ్వండి" అంటాడు. ఆ మాట నమ్మి ఆగిపోయిన ఇళ్ళు ఉన్నాయి.

కింది వాటిలో ఏ ఒక్కటి కనబడినా, ప్లేట్‌లెట్లు ఎంతున్నా, ఆసుపత్రికే:

– కడుపులో ఆగకుండా నొప్పి, ముఖ్యంగా కుడి డొక్క కింద
– రోజులో మూడు వాంతులు, లేదా తాగింది నిలవకపోవడం
– ముక్కు, చిగుళ్ళ నుంచి రక్తం, నల్లటి విరేచనం. ఆడవాళ్ళకైతే నెలసరి ఎక్కువగా పోవడం
– లేచి నిలబడగానే కళ్ళు తిరగడం, చల్లటి చేతులూ కాళ్ళూ
– కుదురు లేకుండా పొర్లడం, లేదా పిలిస్తే పలకనంత మగత
– ఆరు గంటలు మూత్రం లేకపోవడం
– ఆయాసం, కడుపు ఉబ్బరం

గర్భిణులు, ఏడాది లోపు పిల్లలు, పెద్ద వయసువాళ్ళు, షుగరు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు ఇవి వచ్చేదాకా ఆగకూడదు. వాళ్ళకి ఇంటి వైద్యం డాక్టరు చూసి ఒప్పుకుంటేనే.

మీది లంక ఊరన్నారు కాబట్టి దారి ముందే తేల్చుకోండి. రాత్రి రేవు దాటించే పంటు ఉండదు, గోదావరి పొంగి ఉంటే పగలూ నమ్మకం లేదు. 108కి ఫోన్ చేస్తే బండి ఏ రేవు దాకా వస్తుంది, అక్కడిదాకా ఈయన్ని ఎవరు చేరుస్తారు, రాజోలా, అమలాపురమా, కాకినాడ దాకానా, ఇవన్నీ ఈ సాయంత్రమే ఇంట్లో మాట్లాడుకోండి. సాయంత్రం నాలుగింటికి కాస్త అనుమానంగా ఉంటే, రాత్రి ఎలా గడుస్తుందో చూద్దాం అనుకోకండి. టౌన్లో ఉన్న చుట్టాలింటికి రెండు రోజులు మారండి. రోడ్డు మీదున్న ఊరివాళ్ళకి చెప్పే సలహా వేరు, రేవు దాటాల్సినవాళ్ళకి చెప్పే సలహా వేరు.

రక్త పరీక్ష ఎలా చదవాలి. రోజూ ఒకే ల్యాబులో, ఉదయం పూట సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించండి. ప్లేట్‌లెట్ల కంటే ముందు పీసీవీ చూడండి, అది రక్తం చిక్కదనం చెప్పే అంకె, కొన్ని చోట్ల హెమటోక్రిట్ అని వేస్తారు. మొదటి రోజు 40 ఉన్నది 48 అయ్యిందంటే 20 శాతం పెరిగినట్టు, అంటే నీరు కారుతోంది. పీసీవీ ఎక్కుతూ ప్లేట్‌లెట్లు గబగబా పడుతుంటే ఆ రిపోర్టు పట్టుకుని ఆసుపత్రికే వెళ్ళండి, ఇంటికి కాదు. పీసీవీ నిలకడగా ఉంటే ప్లేట్‌లెట్లు 40 వేలన్నా అంత హడావిడి లేదు, డాక్టరుకి చూపించి ఆయన చెప్పినట్టు చేస్తే సరిపోతుంది. తెల్లకణాలు మొదట పడతాయి, లేచేటప్పుడూ అవే ముందు లేస్తాయి. అవి పెరిగాయంటే ఒకటి రెండు రోజుల్లో ప్లేట్‌లెట్లూ పెరుగుతాయి. అంకె మరీ అనుమానంగా ఉంటే మైక్రోస్కోపులో స్మియర్ చూడమనండి. కణాలు గుంపు కడితే మిషను తక్కువ చూపిస్తుంది.

ప్లేట్‌లెట్లు ఎక్కించేది రక్తం పోతుంటే, లేదా 10 వేల కిందికి పడితే. అంతకు మించి ఎక్కిస్తే మేలు లేదు, ఎక్కించినవి ఎక్కువసేపు నిలవవు, రియాక్షన్లు వేరే. "ఎక్కించండి డాక్టరుగారూ" అని వార్డులో గొడవపడి ఎక్కించుకోవడం మన దగ్గర మామూలైపోయింది.

బొప్పాయాకు రసం ప్లేట్‌లెట్లను కాస్త పెంచినట్టు కొన్ని చిన్న పరిశోధనల్లో కనబడింది. నీరు కారడాన్ని అది ఆపుతుందని మాత్రం తేలలేదు. చేదుకి వాంతి అయితే ఆ పూట తాగాల్సిన అర లీటరు పోతుంది, నా అభ్యంతరం అంతే. కివీ పండు తింటే తినండి, మీ దొడ్లో జామకాయకి సి విటమిను తక్కువేం లేదు. పచ్చి మేకపాలు మాత్రం వద్దు, వాటితో వేరే జ్వరాలు అంటుకుంటాయి.

ఎన్‌ఎస్1 మొదటి ఐదు రోజుల్లోనే సరిగ్గా చూపిస్తుంది, ఆ తర్వాత ఐజీఎమ్ అనే ఇంకో డెంగ్యూ రక్త పరీక్ష చేయించాలి. ఒక పరీక్ష నెగెటివ్ వచ్చిందని డెంగ్యూ కాదనుకోకూడదు. అలాగే జ్వరం వచ్చిన రెండో రోజే వైడాల్ చేయించి "టైఫాయిడ్ కూడా ఉంది" అంటే అంత నమ్మనక్కర్లేదు. మీవారికి ఏడు రోజులు దాటినా జ్వరం వస్తుంటే, లేదా కళ్ళు పచ్చబడి పిక్కలు పీకుతుంటే ఇంకోటి వెతకమనండి. ఊడ్పుల బురదలో తిరిగేవాళ్ళకి ఎలుక జ్వరం రావచ్చు. చంకలోనో గజ్జల్లోనో కాలినట్టు నల్లటి మచ్చ ఉంటే స్క్రబ్ టైఫస్ అనే ఇంకో జ్వరం కావచ్చు. ఈ రెండిటికీ మందులున్నాయి, ఆలస్యం చేయకపోతే చాలు.

దోమతెర ఆయనకి పగలూ కట్టండి, ఆయన కోసం కాదు, మీ కోసం. జ్వరం ఉన్న రోజుల్లో ఆయన్ని కుట్టిన దోమ వారం పది రోజుల తర్వాత మిమ్మల్ని కుడుతుంది. ఈ దోమ పగటి దోమ. అందరూ పంట కాలువనీ చేపల చెరువునీ తిడతారు గానీ అది అక్కడ పుట్టదు, మీ ఇంటి చుట్టూ పుడుతుంది. కొబ్బరి చిప్పలు, మంచినీళ్ళ డ్రమ్ములు, ఫ్రిజ్ వెనక పళ్ళెం, పాత టైర్లు, గొడ్లకి నీళ్ళు పెట్టే తొట్టి. వారానికోసారి నీళ్ళు వంచేస్తే చాలదు, అంచులు పీచుతో గట్టిగా రుద్దాలి. గుడ్లు గోడకి అంటుకుని నెలల తరబడి ఎండినా బతుకుతాయి, నీరు తగలగానే పొదుగుతాయి.

కోలుకోవడం. ఆకలి వేయడం, మూత్రం ధారాళంగా రావడం మొదటి మంచి గుర్తులు. ఒంటి మీద ఎర్రటి దద్దు, మధ్యలో తెల్ల మచ్చలు, అరచేతులూ అరికాళ్ళూ దురద వస్తే భయపడకండి, తగ్గుముఖం పడుతున్న దద్దు అది, రెండు మూడు రోజులుంటుంది. అప్పుడు బలవంతంగా మూడు లీటర్లు తాగించడం మానేయండి, దాహం వేసినంతే. మందు లేకుండా 48 గంటలు జ్వరం రాకుండా ఉండి, ప్లేట్‌లెట్లు 50 వేలు దాటి పెరుగుతుంటే గండం గడిచినట్టే. నీరసం రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కొబ్బరి దింపులూ, చెరువు మీద రాత్రి కాపలా ఆ లోపు వద్దు. రెండు మూడు నెలలకి జుట్టు ఊడుతుంది, అదీ ఆగుతుంది.

ఈ వైరస్‌లు నాలుగు రకాలు. ఒకటి వచ్చిపోతే ఆ ఒక్కదానికే రక్షణ, రెండోసారి ఇంకో రకం వస్తే ముదిరే అవకాశం ఎక్కువ. అందుకే ఈ కాగితాలు దాచండి, మళ్ళీ ఎప్పుడు జ్వరం వచ్చినా మొదటి రోజే చూపించండి.

అవన్నీ తర్వాతి సంగతులు. ఈ రాత్రికి మూడు గంటలకోసారి అలారం పెట్టుకోండి. లేపి గ్లాసు ఓఆర్ఎస్ తాగించి, కాళ్ళు తాకి చూసి, మూత్రానికి వెళ్ళారో లేదో అడిగి పుస్తకంలో రాయండి. మూత్రానికి లేస్తే పక్కన ఎవరైనా ఉండాలి, కళ్ళు తిరిగి పడేది ఆ సమయంలోనే. తెల్లారాక సీబీసీకి వెళ్ళేటప్పుడు మొదటి రోజు రిపోర్టు కూడా చేత పట్టుకెళ్ళండి. పీసీవీ అప్పుడెంత, ఇప్పుడెంత అన్నది డాక్టరుగారు ముందు చూడాలి.